మట్టి కోర్టు మీద మనవాళ్ళు

ఈ శీర్షికలో ఆటల సంగతులు తరచు వ్రాయవద్దని సంఘంలోని కొందరు పెద్దలు మమ్మల్ని సున్నితంగా మందలించారు. సంఘపత్రిక అన్నాక పెళ్ళి కబుర్లు, పరీక్షా ఫలితాలు, దసరా ఏర్పాట్లు, వంటింటి సంగతులు ఉండాలి గాని, దేశాంతరాలలో బంతిని అటూ ఇటూ కొట్టేవాళ్ళ గొడవ మనకెందుకని వారి ప్రశ్న. పెద్దల మాట త్రోసిపుచ్చడం మా అలవాటు కాదు. అయితే ఈ మాసం వ్రాయడానికి గట్టి కారణమే వచ్చింది. సందర్భం రాగానే మనవి చేస్తాము. అంతవరకు చదువరులు కొంచెం ఓర్చుకోవాలి.

మేము ఏనాడూ రాకెట్టు చేతబట్టి ఎరుగము. అయినా పదిహేనేళ్ళుగా ఒక పొడుగాటి రూళ్ళ పుస్తకంలో టెన్నిసు ఆటగాళ్ళ పద్దులు వ్రాసుకుంటున్నాము. అందరివీ కాదు. అమెరికాలో కాలేజీ జట్టులో ఆడి, ఆ తరువాత పొట్టకూటికి ఆటనే నమ్ముకున్నవారివి మాత్రమే. అందులోనూ మట్టి కోర్టుల మీద వారి గతి ఏమయిందన్నదే మా ఆరా. మా ఆఫీసు మిత్రులు దీనిని పిచ్చి అంటారు. ఒరిస్సాలో ఉండి హాకీ చూడక, ఆంధ్రులై ఉండి క్రికెట్టు చూడక, ఇదేమి యావ అంటారు. గుమాస్తా బుద్ధి అంతే మరి. పద్దు ఒకసారి తెరిచినాక ముగింపు నిలువ తేలేదాకా నిద్ర పట్టదు.

మట్టి కోర్టే ఎందుకని అడుగవచ్చు. అమెరికా కాలేజీ ఆట దాదాపు అంతా గచ్చు కోర్టుల మీద జరుగుతుంది. గచ్చు మీద బంతి జర్రున దూసుకుపోతుంది. ఆరడుగుల పైన పొడుగుండి సర్వీసు గట్టిగా వేయగలవాడు నాలుగు దెబ్బల్లో పని ముగించుకోగలడు. మట్టి మీద ఆ పప్పులు ఉడకవు. పడిన బంతి వేగం తగ్గి, భుజాల దాకా లేస్తుంది. ఎదుటివాడికి దానిని అందుకునే వ్యవధి దొరుకుతుంది. ఒక పాయింటుకు ఇరవై, ముప్పై దెబ్బలు ఆడవలసి వస్తుంది. కాలు జారవిడిచి మళ్ళీ నిలదొక్కుకోవడం తెలియాలి. వీటన్నిటికంటె ముందు ఓపిక ఉండాలి.

మట్టి అంటే మన పొలాల మట్టి అనుకోరాదు. పారిస్ నగరంలోని రోలాండ్ గారోస్ కోర్టులలో పైకి కనిపించే ఎరుపంతా ఒకటి రెండు మిల్లీమీటర్ల ఇటుకపొడి. దాని క్రింద సున్నపురాతి పొడి, ఆ క్రింద కాలిన బొగ్గు చిట్టెం, కంకర, రాళ్ళు. మన అమ్మమ్మలు చింతపండుతో కలిపి ఇత్తడి బిందెలు తోమిన ఇటుకపొడి వంటిదే అది. దాని మీద ఏటా మే నెలాఖరు నుండి రెండు వారాలు ప్రపంచమంతా కూడి ఆడుతుంది. అమెరికాలో కొన్ని ఊళ్ళలో మట్టి కోర్టులు పచ్చగా ఉంటాయి. అది ఇటుక కాదు, నల్లరాతి జాతి రాయిని నలగ్గొట్టిన పొడి. బంతి పడినచోట మచ్చ మిగలడం మట్టిలోని మరో విశేషం. తగాదా వస్తే అంపైరు ఎత్తు కుర్చీ దిగి వచ్చి, మచ్చ చూసి తీర్పు చెబుతాడు. మా ఆఫీసు భాషలో దానిని లిఖితపూర్వకమైన సాక్ష్యం అంటాము. ఇప్పుడు చాలాచోట్ల యంత్రాలే ఆ పని చేస్తున్నా, పారిస్‌లో 2025లో కూడా గీతల దగ్గర మనుషులే నిలబడ్డారు.

మా పుస్తకంలో మొదటి పేజీ మహేశ్ భూపతి గారిది. మేము పుస్తకం తెరిచేనాటికే వారి గెలుపులు పాతబడ్డాయి. అయినా మొదటి పేజీ మరొకరికి ఇవ్వ మనసొప్పలేదు. 1974లో మద్రాసులో పుట్టిన ఈయన మిసిసిపి విశ్వవిద్యాలయంలో చేరి, 1995లో అలీ హమాదేతో కలిసి అమెరికా కాలేజీల డబుల్స్ టైటిల్ గెలిచారు. ఆ ఏడే వృత్తి ఆటగాడైనారు. రెండేళ్ళు తిరగకముందే, 1997లో, ఆ పారిస్ ఎర్రమట్టి మీదే జపాను క్రీడాకారిణి రికా హిరాకితో కలిసి మిక్సెడ్ డబుల్స్ గెలిచారు. గ్రాండ్‌స్లామ్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ ఫైనల్లో అవతలి పక్షం ఎవరో చూడండి. లీసా రేమండ్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం తరపున ఆడిన అమ్మాయి. ప్యాట్రిక్ గాల్‌బ్రెయిత్ లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి వచ్చినవాడు. అంటే కోర్టులో ఉన్న నలుగురిలో ముగ్గురు కాలేజీ జట్ల నుండి వచ్చినవారే! కాలేజీ ఆటగాళ్ళకు మట్టి అచ్చిరాదనేవారికి మేము ఈ పద్దు చూపుతూ ఉంటాము. తరువాత భూపతి గారు లియాండర్ పేస్‌తో కలిసి 1999లోను, 2001లోను పారిస్‌లోనే పురుషుల డబుల్స్ గెలిచారు. 2012లో మన హైదరాబాదు సానియా మీర్జాతో మిక్సెడ్ డబుల్స్ కూడా.

అందరి పద్దులూ ఇలా కళకళలాడవు. 2007లో కాలేజీల సింగిల్స్ ఫైనల్లో వర్జీనియా విశ్వవిద్యాలయానికి ఆడిన సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్, జార్జియా విశ్వవిద్యాలయపు జాన్ ఇస్నర్‌ను ఓడించాడు. మరుసటి ఏడూ ఆ టైటిల్ దేవ్‌వర్మన్‌దే. ఆనాడు పందెం కట్టవలసి వస్తే మేమూ దేవ్‌వర్మన్ మీదే కట్టేవాళ్ళం. బయటి లోకంలోకి వచ్చాక లెక్క తిరగబడింది. ఇస్నర్ ప్రపంచంలో ఎనిమిదవ ర్యాంకు దాకా పోయాడు. మన దేవ్‌వర్మన్ అత్యుత్తమ ర్యాంకు 62. ఇస్నర్ వంటి సర్వీసు వీరుడికి మట్టి గిట్టదని అందరూ అనుకుంటూ ఉండగా, 2011లో పారిస్‌లో మొదటి రౌండులోనే రఫేల్ నడాల్‌ను అయిదు సెట్లు ఆడించాడు. అంతకుముందు ఆ కోర్టులలో నడాల్ చేత అయిదు సెట్లు ఆడించిన మగవాడు లేడు. ఓడినా, మా పుస్తకంలో దానిని ఎర్రసిరాతో వ్రాసుకున్నాము. 2013లో హ్యూస్టన్ మట్టి మీద టైటిలే గెలిచాడు. ఆ 2013లోనే దేవ్‌వర్మన్ పారిస్‌లో ఒక రౌండు గెలిచి, రెండవ రౌండులో ఫెదరర్ చేతిలో 6–2, 6–1, 6–1తో ఓడిపోయాడు. ఆ అంకెలు వ్రాస్తూ ఉంటే మా చేయి బరువెక్కింది. దేవ్‌వర్మన్‌కు ఆసియా క్రీడల స్వర్ణం ఉంది, సమాజశాస్త్రంలో డిగ్రీ ఉంది. 2017 నూతన సంవత్సరం నాడు ఆట విరమించాడు.

ఇటీవలి పేజీలు త్వరగా తిప్పుదాము. స్టీవ్ జాన్సన్ హ్యూస్టన్ మట్టి మీద 2017, 2018లలో వరుసగా గెలిచాడు. టెక్సాస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయంలో చదివిన కామెరూన్ నోరీ 2023లో రియో మట్టి మీద ఫైనల్లో అల్కరాజ్‌నే ఓడించాడు. వర్జీనియా విశ్వవిద్యాలయపు డానియెల్ కాలిన్స్ 2024లో చార్ల్స్‌టన్ పచ్చమట్టి మీద గెలిచింది. ఆ నెలలోనే ఫ్లోరిడాలో ఆడి వచ్చిన బెన్ షెల్టన్‌కు హ్యూస్టన్ టైటిల్ దక్కింది. చదువు ఆటను చెడగొడుతుందన్న మాట ఈ పేజీల ముందు నిలవదు.

ఇక మనవాళ్ళు. విశాఖపట్నం ఆటగాడని పత్రికలు వ్రాసే మైనేని సాకేత్ అలబామా విశ్వవిద్యాలయానికి ఆడినవాడు. విశాఖ అంటే మనకు పరాయి ఊరా? 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మన బోరిగుమ్మ, జయపురం అన్నీ విశాఖపట్నం జిల్లాలోనివే కదా. సాకేత్ 2014 ఆసియా క్రీడలలో సానియాతో కలిసి స్వర్ణం తెచ్చాడు. 2016లో అమెరికా ఓపెన్‌కు అర్హత పోటీలు గెలిచి చేరి, మొదటి రౌండులో కండరాలు పట్టేసినా అయిదవ సెట్టు దాకా పోరాడి, 5–7తో ఓడాడు. 2017లో అర్జున అవార్డు వచ్చింది. అయితే ఇవేవీ మట్టి మీదివి కావు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, గచ్చు మీద ఆట. అనంతపురం అమ్మాయి యమలపల్లి సహజ టెక్సాస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆడింది. 2024లో ముంబైలో మొదటి సీడు కేలా డేను ఓడించింది. అదీ గచ్చే. విచిత్రమేమంటే, పారిస్ మట్టిని పద్నాలుగుసార్లు ఏలిన నడాల్ పేరిట 2010లో ఒక టెన్నిసు బడి వెలసినది ఆ అనంతపురంలోనే!

ఇప్పుడు అసలు కారణం. మన సంఘంలో ఒక కుటుంబం ఉంది. పేరు చెప్పము. మూడు తరాలుగా ఇక్కడి నీళ్ళే తాగుతున్నారు. వారి అమ్మాయి విశాఖలో మేనమామ ఇంట ఉండి చదువుకుంటూ టెన్నిసు ఆడుతోంది. పదిహేడు నిండాయి. అమెరికాలో ఒక కాలేజీ వారు, తమ జట్టుకు ఆడితే చదువు, బస, భోజనం ఖర్చులో చాలా భాగం భరిస్తామని వ్రాశారు. ఇంట్లో రెండు పక్షాలు. తల్లి పంపుదామంటుంది. నాయనమ్మ గారు పెళ్ళీడు పిల్లను ఒంటరిగా సముద్రం దాటించడమేమిటని అన్నం మానేశారు. తండ్రి గారు ఏమీ తేల్చుకోలేక ఒక ఆదివారం పిల్లను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. “ఏమండీ, మీ పుస్తకం ఏమంటుంది? పంపమంటుందా?” అని అడిగారు.

మేము దాచకుండా చెప్పాము. పెద్ద టోర్నమెంట్ల మాట వేరు. కాలేజీ నుండి వచ్చిన పిల్ల మొదట ఆడేది పదిహేను వేల డాలర్ల చిన్న పోటీలు. అది అందరికీ పంచే మొత్తం. సింగిల్స్ గెలిచినవారికి సుమారు రెండువేల నూట అరవై డాలర్లు. మొదటి ఆటలోనే ఓడినవారికి నూట యాభై పైచిలుకు, అంతే. వారం రోజుల బస కూడా దానితో గడవదు. పైగా ర్యాంకు లెక్క మన సేవింగ్సు ఖాతా వంటిది కాదు. ఈ వారం సంపాదించిన పాయింట్లు యాభై రెండు వారాలు కాగానే కొట్టివేతకు వస్తాయి. ఆ లోపల మళ్ళీ సంపాదించకపోతే నిలువ తరిగిపోతుంది. దెబ్బ తగిలి ఆరు నెలలు మంచం పట్టినవాడు లేచేసరికి పద్దు సగం ఖాళీ. మట్టి కోర్టుల కాలంలో దేశం దేశం తిరగాలంటే ఖర్చు ఇంకా పెరుగుతుంది. మా పుస్తకంలో పేర్లున్నవారిలో రాకెట్టుతోనే సుఖంగా బ్రతికినవారు కొద్దిమందే.

అయితే పుస్తకానికి రెండో వైపు కూడా ఉంది. అమెరికా మొదటి శ్రేణి కాలేజీలలో ఏళ్ళ తరబడి మగపిల్లల జట్టుకు నాలుగున్నర పూర్తి విద్యార్థి వేతనాలే ఉండేవి; ఆ కాస్తనే ఎనిమిది, పదిమందికి పంచేవారు. ఆడపిల్లల జట్టుకు ఎనిమిది. ఈ ఒక్క లెక్కలో మన ఆడపిల్లలదే పైచేయి. 2025లో కొత్త నిబంధనలకు ఒప్పుకున్న కాలేజీలలో ఆ హద్దు పోయి, జట్టులో ఎందరుండాలన్న హద్దు వచ్చింది. కాబట్టి వచ్చిన ఉత్తరంలో ఎంత ఇస్తామన్నారు, ఎన్నేళ్ళకు ఇస్తామన్నారు, దెబ్బ తగిలి ఆడలేకపోతే ఇస్తారా మానుతారా అన్న మూడు సంగతులు వ్రాతపూర్వకంగా తెప్పించుకోమన్నాము. పారిస్ కోసం పంపవద్దు, డిగ్రీ కోసం పంపండి, ఆటను ఫీజు కట్టనివ్వండి అన్నాము. డిగ్రీ చేతికి వచ్చాక అమ్మాయికి మట్టి మీద దిగాలనిపిస్తే, రెండేళ్ళ ఖర్చుకు ఇంత అని ముందే గీత గీసుకొని దిగనివ్వండి అన్నాము. ఒకరిచ్చిన సొమ్ముతో చదవడం నామోషీ అని తండ్రి గారు గొణిగారు. జయపురం మహారాజా విక్రమదేవవర్మ గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. ఆ సొమ్ము అండన చదివినవారెవరూ నామోషీ పడలేదని గుర్తు చేశాము.

మేము మాట్లాడుతున్నంతసేపూ ఆ పిల్ల మా పుస్తకం తిరగవేస్తూ కూర్చుంది. భూపతి గారి పేజీ దగ్గర ఆగలేదు. మొదటి రౌండులోనే ఓడినవారి పద్దులు ఉన్న పేజీలు మాత్రం వేలు పెట్టి వరుస వరుస చదివింది. “వీళ్ళలో మళ్ళీ మరుసటి వారం ఆడినవాళ్ళు ఎంతమంది, మామయ్యా?” అని అడిగింది. లెక్కపెట్టి చూశాము. దెబ్బలు తగిలినవారు తప్ప దాదాపు అందరూ ఆడినవారే. ఆమె తల ఊపి, ఆ ఉత్తరం మళ్ళీ చదువుకుంది. తండ్రి గారు ఏమీ అనలేదు. నాయనమ్మ గారు ఇప్పుడు అన్నం తింటున్నారట గాని, మాట ఇంకా ఇవ్వలేదు.

కాలేజీ వారికి జవాబు వ్రాయడానికి ఇంకా కొన్ని వారాల గడువు ఉంది. మన పాఠకులలో ఎవరి పిల్లలైనా, బంధువుల పిల్లలైనా అమెరికాలో కాలేజీ జట్లలో ఏ ఆటైనా ఆడి ఉంటే, అక్కడి వసతి, భోజనం, ఆడపిల్లల భద్రత, దెబ్బ తగిలినప్పుడు వైద్యం ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్న విషయాలు సంఘ కార్యాలయానికి ఒక ఉత్తరం వ్రాయవలసిందిగా కోరుతున్నాము. ఆ తండ్రి గారికి భద్రంగా అందజేస్తాము. శాకాహార భోజనం సంగతి మరచిపోకుండా వ్రాయండి. అది నాయనమ్మ గారి మొదటి ప్రశ్న.