వర్గీకరణ ముచ్చట్లు – 5: ఒక శాతం గురించి ఎవరు కొట్లాడారు?



2025 మార్చి 10న రాజీవ్ రంజన్ మిశ్రా కమిషన్ ఎస్సీ వర్గీకరణ మీద నివేదిక ఇచ్చింది. 20న అసెంబ్లీ ఆమోదించింది. ఏప్రిల్ 17న ఆర్డినెన్స్ వచ్చేసింది. ఆ నలభై రోజులూ మన ఫోన్లు కాలిపోయాయి. మాల పిల్లలు, మాదిగ పిల్లలు అర్ధరాత్రి దాకా లైవులు పెట్టుకుని ఒకర్నొకరు తిట్టుకున్నారు. ఏడున్నర ఎక్కువా, ఆరున్నర తక్కువా అని. నిన్నటిదాకా ఒకే హాస్టల్లో ఒకే పళ్లెంలో తిన్నోళ్లు బ్లాక్ చేసుకున్నారు.

ఆ చట్టంలో మూడో అంకె కూడా ఉంది. ఒకటి. రెల్లి, పైడి, దండాసి, ఘాసి, హడ్డి, గొడగలి, ఇలా 12 కులాలకి కలిపి ఒక శాతం. 1997లో ఎ గ్రూపుకి ఇచ్చిందీ అదే ఒకటి. ఈ కులాలవాళ్లు ఎక్కువగా ఉండేదెక్కడ? మన శ్రీకాకుళం, విజయనగరం, పక్కన విశాఖ. మరి మన జిల్లాల గ్రూపుల్లో దీని మీద ఎన్ని పోస్టులు చూశారు?

రెల్లి పేరు మాత్రం బాగానే వాడారు. వర్గీకరణ కావాలన్నవాళ్లు "రెల్లికి న్యాయం" అన్నారు, వద్దన్నవాళ్లు "రెల్లిని అడ్డం పెట్టుకున్నారు" అన్నారు. తెల్లారకముందే మస్టరుకెళ్లి ఊరు ఊడ్చే అమ్మని మాత్రం నీకేం కావాలమ్మా అని అడిగినోడు లేడు.

అడిగుంటే అసలు సంగతి బయటికొచ్చేది. అది యూనిట్ సంగతి. జిల్లాల వారీగా వర్గీకరణ చేస్తామని ఎన్నికల్లో చెప్పిన ప్రభుత్వం రాష్ట్రాన్నే యూనిట్‌గా తీసుకుంది, జిల్లా లెక్క జనగణన తర్వాత చూద్దామంది. రాష్ట్రమంతా కలిపి చూస్తే ఒక శాతం తక్కువేం కాదనే వాదన ఉంది, అందులో బలమూ ఉంది. కానీ టీచరు పోస్టుల్లాంటివి జిల్లాలో భర్తీ అవుతాయి. రోస్టరులో 200 పోస్టులకి వీళ్లవి రెండు. ఒక జిల్లాలో ఒక సబ్జెక్టుకి ఇరవయ్యో ముప్పయ్యో పోస్టులు పడితే ఆ రెండు నంబర్లు ఎప్పుడొస్తాయి? అనంతపురంలో, ఇచ్ఛాపురంలో ఒకే అంకె పెడితే నష్టం ఎవరికి? ఇది కామెంటులో తేలేది కాదు. కాగితం మీద రాసి కమిషన్ ముందు, కలెక్టరు ముందు, ఎమ్మెల్యే ముందు పెట్టాల్సింది.

సోషల్ మీడియా వల్ల మేలేం జరగలేదని అనను. 2024 ఆగస్టు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పును తెలుగులో విడమరిచి చెప్పింది అక్కడే, ఏ పేపరూ అంత ఓపిగ్గా చెప్పలేదు. కానీ మన దగ్గర ఏమైంది? లైవులో గొంతు చించుకోగానే పని అయిపోయిందనుకున్నాం. నివేదికకీ అసెంబ్లీ ఆమోదానికీ మధ్య పది రోజులే. ఆ పది రోజులూ తిట్లకే పోయాయి. ఎమ్మెల్యేలకేం, హాయిగా కూర్చున్నారు. ఉత్తరాంధ్ర ప్రశ్న వాళ్ల గుమ్మం దాకా వెళ్లందే!

ఇంకో అవకాశం ఉంది. 2027 జనగణన. జిల్లా యూనిట్ మాట నిలబడాలంటే ఆ లెక్కే ఆధారం. వచ్చినవాళ్లు ఏ కులం పేరు రాసుకుంటున్నారో రెల్లి వీధిలో, పైడి వీధిలో ఎవరు నిలబడి చూస్తారు? పట్నాల్లో చదువుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ వారం సెలవు పెట్టి ఇంటికి రండి. మాల, మాదిగ, రెల్లి ముగ్గురూ కలిసి ఒక్కో వీధికి వెళ్దాం. ఎవరెవరు వస్తారో కింద ఊరి పేరుతో రాయండి.