హిరోషిమా బిట్టు, అమ్రాబాద్ ప్రశ్న

ఆలంపూర్‌లో గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే మీకు హిరోషిమా అంటే ఒక బిట్టే కదా: 1945 ఆగస్టు 6. కానీ అక్కడి శాంతి స్మారక మ్యూజియంలో కనిపించేది తేదీ కాదు, మంటల్లో మాడిన మూడేళ్ల పిల్లాడి మూడు చక్రాల సైకిల్. బతికి బయటపడ్డవాళ్ల సంఘం నిహోన్ హిదాంక్యోకి 2024లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది.

మనకేం సంబంధం అంటారా? ఆ బాంబులో వాడింది యురేనియం. కరెంటు తయారీకీ అదే కావాలి. దానికోసం మన పాత పాలమూరు జిల్లాలోనే అమ్రాబాద్ అడవిలో అన్వేషణ అంటే జనం ఎదురుతిరిగారు. 2019 సెప్టెంబరులో అసెంబ్లీ వద్దని తీర్మానించింది. వాళ్ల భయం బాంబు కాదు. అడవి, నీళ్లు, చెంచు పెంటలు ఏమైపోతాయోనని.

ఇంటర్వ్యూలో అణుశక్తి గురించి అడిగితే మెగావాట్ల దగ్గరే ఆగిపోకండి. దాని భారం ఎవరి మీద పడుతుందో కూడా చెప్పండి.