నియంత యను తిట్టు

ఏ నాయకుడు తన యుపన్యాసములో ఏ పదము పలుకునో యని కూడ అమెరికాలో ఈ దినములలో పందెములు కాయుచున్నారు. పందెములయందు మాకు రుచి లేదు. అయినను అట్టి ప్రశ్న యొకటి మా మనస్సున నిలిచినది. పరదేశపు ప్రజలు వోట్లువేసి యెన్నుకొనిన నాయకుని ఒక రాజకీయవేత్త 'నియంత' యని ఎప్పుడు దూషించును? దానిని ముందుగా ఊహింపగలమా?

ఊహింపవచ్చుననియే మా యభిప్రాయము. కాని అందులకు తిట్టుతిన్నవాని పరిపాలనను పరీక్షించి లాభము లేదు. తిట్టువానికి నాడు కలిగిన కోపమును, అక్కఱను చూడవలెను.

2021 ఏప్రిల్ 6వ తేదీన ఐరోపా సమాఖ్య పక్షమున ఉర్సులా వాన్ డెర్ లాయెన్ అను నామెయు, ఛార్లెస్ మిషెల్ అను నాయనయు టర్కీ రాజధానియైన అంకారాకు పోయిరి. అధ్యక్షుడు ఎర్డోగాన్ ప్రక్కన ఒక్క కుర్చీయే వేసియుండెను. మిషెల్ అందు కూర్చుండెను. ఆమె కొంతసేపు నిలువబడి, తుదకు దూరముననున్న సోఫాపై కూర్చుండవలసివచ్చెను. పేరంటమునకు పిలిచి పీట వేయని యింటివారిని మనమేమందుము? రెండు దినములు గడచినపిదప ఇటలీ ప్రధాని మారియో డ్రాగీ ఈ యవమానమును ఖండించుచు ఎర్డోగాన్ ను నియంత యనెను; ఇట్టివారితో కలిసి పనిచేయక తప్పదని కూడ ఆ నోటితోనే పలికెను. మా అధ్యక్షుడు ప్రజలెన్నుకొనినవాడు, మీ ప్రధాని నియమింపబడినవాడు అని టర్కీవారు ఎత్తిపొడిచిరి. ఎర్డోగాన్ పాలనలో పత్రికారచయితలు చెఱసాలల పాలగుట అంతకు ఏండ్ల ముందునుండియు ఉన్నదే. ఆ పదము వెలువడుటకు మాత్రము ఒక కుర్చీ కావలసివచ్చెను! 2022 జూలైలో డ్రాగీ స్వయముగా అంకారాకు పోయి, ఆయన సరసనే కూర్చుండి ఒప్పందములు చేసికొనెను.

ఇంతకంటె కఠినమైనది ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్ స్కీకి కలిగిన యనుభవము. 2019లో ఆయనకు నూటికి 73 వంతుల వోట్లు వచ్చినవి. 2022 ఫిబ్రవరిలో రష్యా దండెత్తగా అచ్చట సైనికశాసనము విధింపబడెను. అది యున్నంతకాలము ఎన్నికలు జరుపరాదని ఆ దేశపు చట్టము. అందుచే 2024 మే నెలలో గడువు తీరినను ఎన్నికలు జరుగలేదు. ఇంగ్లండులో కూడ రెండవ ప్రపంచయుద్ధము కారణముగా 1935 మొదలు 1945 వఱకు సాధారణ ఎన్నికలు లేవు గదా! బిడ్డలను చంకనెత్తుకొని పరదేశములకు పోయిన లక్షలాది ఉక్రెయిన్ స్త్రీలు ఏ యూర వోటు వేయుదురు?

2025 ఫిబ్రవరి 18వ తేదీన అమెరికావారు, రష్యావారు ఉక్రెయినును పిలువకయే రియాద్ నగరమున మాటలాడుకొనిరి. మరునాడు, ట్రంప్ చుట్టును అసత్యప్రచారము అలముకొనియున్నదని జెలెన్ స్కీ బహిరంగముగా పలికెను. ఆ దినముననే ట్రంప్ ఆయనను ఎన్నికలు లేని నియంత యని వ్రాసెను. ఎదురాడిన కోడలికి గయ్యాళి యని పేరు పెట్టుట మన యిండ్లలోను వింత కాదు. 24వ తేదీన, పుతిన్ కూడ నియంతయేనా యని విలేకరు లడుగగా, అట్టి పదములను తాను తేలికగా వాడనని ట్రంప్ బదులు చెప్పెను. 27వ తేదీన జెలెన్ స్కీని గూర్చి యడుగగా, నేనట్లంటినా యని తానే యాశ్చర్యపడెను. ఖనిజముల ఒప్పందమునకై జెలెన్ స్కీ మరునాడు రావలసియుండెను.

వచ్చినవాడు విలేకరుల యెదుటనే వాగ్వాదమునకు లోనై, ఒప్పందము లేకయే మరలిపోయెను. మార్చి 3వ తేదీన అమెరికా ఆయుధసహాయమును నిలిపివేసి, 11వ తేదీన గాని తిరిగి యీయలేదు. ఆ దినములన్నియు అచ్చట యుద్ధము సాగుచునే యుండెను.

కావున ఇకముందు ఇట్టి ప్రశ్న వచ్చినప్పుడు మేము మూడు సంగతులు విచారింతుము. చిన్నదేశపు నాయకుడు బహిరంగముగా ఎదురు చెప్పెనా? పెద్దదేశపు నాయకుని కోరిక యేదైన నిలిచిపోయెనా? ఈ వారములో వారిరువురు ఒకే బల్లయొద్ద కూర్చుండవలసియున్నదా? మొదటి రెంటికి అవుననియు, మూడవదానికి కాదనియు సమాధానము వచ్చినచో, ఆ పదము వెలువడుననియే మేము తలంతుము. ఆ దేశమున ఎన్నిక లెట్లు జరిగినవో విచారింప మాకు పని యుండదు.