సర్వర్లకూ ఓ మేస్త్రీ!

ఉదయం పది గంటలు. తిరుమల మూడొందల రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో విడుదలయ్యే వేళ. గుడుపల్లెలో సెల్‌ఫోన్ పట్టుకున్నవాళ్లూ, హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లూ, అమెరికాలో నిద్ర మానుకున్నవాళ్లూ... అంతా ఒకేసారి తలుపు తడతారు. ఆ తాకిడిని ఒక్క కంప్యూటర్ తట్టుకోవడం అయ్యే పని కాదు. అందుకే పెద్ద వెబ్‌సైట్ల వెనక చాలా సర్వర్లుంటాయి. వచ్చిన పనిని వాటికి పంచిపెట్టే మేస్త్రీయే లోడ్ బ్యాలెన్సర్.

అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ పరిశోధన కేంద్రం 1994లోనే ఈ పని చేసింది. మొజాయిక్ బ్రౌజర్ పుట్టిల్లు అదే. సందర్శకులు పెరిగిపోవడంతో ఒకే పేరు కింద అనేక సర్వర్లు పెట్టి, వంతులవారీగా పంపింది. కానీ ఓ చిక్కు... ఏదైనా సర్వర్ మూలనపడినా దాని వంతు జనం దానికే వెళ్లేవారు! ఆ లోటు తీర్చడానికే తర్వాత ప్రత్యేక పరికరాలొచ్చాయి.

ఈ మేస్త్రీకి ముఖ్యంగా మూడు సంగతులు నేర్పాలి.

మొదటిది పంపకం. సర్వర్లన్నీ ఒకే శక్తి గలవైతే వంతులు చాలు. పెద్దవీ చిన్నవీ కలిసి ఉంటే పెద్దవాటికి ఎక్కువ వాటా ఇవ్వాలి. లేదంటే, ఆ క్షణంలో ఎవరి చేతిలో పని తక్కువుంటే వాళ్లకే కొత్తవాళ్లను పంపమనాలి.

రెండోది ఆరోగ్య పరీక్ష. కొన్ని సెకన్లకోసారి ప్రతి సర్వర్‌నూ పలకరించాలి. ‘ఉన్నాను’ అంటే సరిపోదు. కౌంటర్లో గుమస్తా ఉండీ సొరుగులో టికెట్లు లేకపోతే ఏం లాభం? అసలు పేజీ తెరిచి చూపమనాలి. జవాబు రాకపోతే ఆ సర్వర్‌ని వరుసలోంచి తప్పించాలి.

మూడోది గుర్తు. పేర్లు రాసుకున్నది ఒక సర్వరూ, డబ్బు చెల్లించేటప్పుడు తగిలింది ఇంకోటీ అయితే? ఆ వివరాలు రెండోదానికి తెలియవు. మళ్లీ మొదటికే! అందుకే ఒక మనిషిని చివరిదాకా ఒకే సర్వర్‌కి పంపాలి. లేదా ఆ వివరాలు అన్ని సర్వర్లకూ అందేచోట దాచాలి.

మరి మేస్త్రీయే పడిపోతే? అందుకే జంటగా పెడతారు. ఒకటి ఆగితే రెండోది అందుకుంటుంది.

గుడుపల్లె పక్కనున్న కుప్పంలో 2002లో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ పథకం మొదలుపెట్టి, జనం కోసం సమాచార కేంద్రాలు తెరిచాయి. ఊరికి కంప్యూటర్ రావడమే అప్పట్లో విశేషం. ఇప్పుడు ఫోన్ ప్రతి ఇంట్లోనూ ఉంది. ఇబ్బందల్లా అందరూ ఒకే నిమిషంలో రావడమే!

ఇక్కడే ఓ నిజం గుర్తుంచుకోవాలి. ముందు ఎన్ని సర్వర్లున్నా, టికెట్ల లెక్క రాసే ఖాతా వెనక ఒక్కటే. అది నెమ్మదిస్తే అందరూ ఆగాల్సిందే. అందుకే కొన్ని సైట్లు జనాన్ని బయటే క్యూలో నిలబెట్టి, కొద్దికొద్దిగా లోపలికి వదులుతాయి. తిరుమల వైకుంఠం కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లలో జరిగేదీ అదేగా!

కాబట్టి ‘వేచి ఉండండి’ అని కనిపిస్తే మాటిమాటికీ రిఫ్రెష్ కొట్టొద్దు. వరుసలో చోటు పోయే ప్రమాదముంది. పైగా ప్రతి నొక్కూ సర్వర్‌కి మరో మనిషి వచ్చినట్టే. డబ్బు కట్ అయి టికెట్ రాకపోతే లావాదేవీ నంబరు రాసిపెట్టుకుని, బుకింగ్ చరిత్ర చూశాకే మళ్లీ చెల్లించండి. మేస్త్రీ ఎంత గట్టివాడైనా పని పంచగలడేగానీ, ఉన్న టికెట్లను పెంచలేడు మరి!