మంచు యంత్రం మొరాయిస్తే ఏం వినాలి?

ఉత్తర అమెరికాలో మంచు పడే ఊళ్లలో స్థిరపడిన తెలుగువాళ్ల గ్యారేజీల్లో కారు పక్కన మరో చిన్న ఇంజను కనిపిస్తుంటుంది. వాకిట్లో పేరుకున్న మంచును లోపలికి లాక్కుని దూరంగా విసిరే స్నోబ్లోయర్ అది. ఏడాదిలో ఎక్కువ నెలలు మూలన పడి ఉంటుంది. తొలి మంచు కురిసిన పొద్దున తాడు లాగితే స్టార్టవుతుంది కానీ, ఏదో వింత శబ్దం. ఫోన్లో అర నిమిషం రికార్డు చేసి, తెలిసినవాళ్లకు పంపి, ‘ఏమై ఉంటుంది?’ అని అడుగుతారు. ఫిజిక్స్ చదివాను కాబట్టి నాకూ అలాంటివి వస్తుంటాయి.

ఆ ఒక్క రికార్డింగు విని జబ్బు చెప్పేసేవాళ్లను, అది మనిషైనా ఫోన్ యాపైనా, నమ్మకూడదని నా అభిప్రాయం. శబ్దం దానంతటది చెప్పేది తక్కువ. ఏదైనా ఒక్కటి మార్చినప్పుడు ఆ శబ్దం ఎలా మారిందన్నదే పనికొచ్చే సమాచారం.

మన భాషలో ధ్వనులకు మాటల కొదవ లేదు. గరగర, కీచుకీచు, డుగుడుగు. కానీ ఒకరికి వినిపించిన ‘టకటక’ మరొకరికి ‘కటకట’ అవుతుంది. పైగా ఇనుప చట్రం కంపనాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకుపోతుంది. వెనక వదులైన బోల్టు ముందు రేకులో మోగుతుంది. అందుకే చెవిని ప్రయోగశాలలోని మీటరులా వాడాలి. ఒకసారికి ఒకటే మార్చి వినాలి.

మొదటి పరీక్ష, హ్యాండిల్ మీది లీవర్ వదిలేయడం. లీవర్ నొక్కితే బెల్టు బిగిసి, ఇంజను శక్తి ముందున్న మరచుట్టు బ్లేడుకూ, మంచును విసిరే ఫ్యానుకూ అందుతుంది. వదలగానే శబ్దం ఆగిపోతే లోపం ఇంజనులో కాదు, బెల్టు దగ్గరో, అది తిప్పే భాగాల్లోనో ఉంది. కీచుమనే అరుపుతో పాటు కాలిన రబ్బరు వాసన వస్తే బెల్టు జారుతోందన్నమాట. ఇంజను హాయిగా తిరుగుతూ, బ్లేడు ఒకవైపు కదలకపోతే, గడ్డకట్టిన మంచుకో రాయికో తగిలి షియర్ పిన్ తెగి ఉంటుంది. గేరుబాక్సును కాపాడటానికి కావాలనే మెత్తగా చేసిన బోల్టు అది. దాని స్థానంలో గట్టి బోల్టు బిగిస్తే ఈసారి విరిగేది గేరు.

రెండోది, వేగం మార్చడం. ఈ ఇంజన్లు చాలావరకు నిమిషానికి 3,600 చుట్లు తిరిగే ఫోర్ స్ట్రోక్ రకం. అంటే సెకనుకు 60 చుట్లు. రెండు చుట్లకొకసారి పెట్రోలు మండుతుంది కాబట్టి 30 పేలుళ్లు. థ్రాటిల్ తగ్గిస్తే ఇంజను భాగాల నుంచి వచ్చే శబ్దం వేగంతో పాటే నెమ్మదిస్తుంది. అలాకాక ఒకానొక వేగం దగ్గర మాత్రమే మోగి, అంతకు పైనా కిందా మాయమైతే అది అనునాదం. వదులైన రేకునో, బోల్టునో వెతకండి.

మూడోది, చోక్. ఇంజను ఖాళీగా తిరుగుతున్నప్పుడు సెకనుకో రెండు సెకన్లకో ఒకసారి ఉబ్బుతూ తగ్గుతూ ఊగిసలాడుతుంది. చాలామంది స్పార్క్ ప్లగ్ మార్చేస్తారు. ముందు చోక్ కాస్త మూసి చూడండి. ఊగిసలాట తగ్గితే ఇంజనుకు పెట్రోలు చాలట్లేదని అర్థం. నెలల తరబడి నిలవున్న పెట్రోలు జిగురుగా మారి కార్బ్యురేటర్ సన్నరంధ్రాన్ని మూసి ఉండొచ్చు. వేగం పడిపోయిందని గవర్నర్ థ్రాటిల్ తెరుస్తుంది, ఇంజను ఆలస్యంగా స్పందిస్తుంది, అప్పటికి గవర్నర్ అతిగా తెరిచేసి ఉంటుంది. ఆవిరియంత్రాలను వేధించిన ఇలాంటి అస్థిరతనే మాక్స్‌వెల్ 1868లో గవర్నర్ల మీద రాసిన పత్రంలో గణితంగా విశ్లేషించాడు.

ఒక శబ్దం మీద మాత్రం ప్రయోగాలు వద్దు. చుట్టుచుట్టుకూ లోపల సుత్తితో కొట్టినట్టు లోతుగా మోగుతూ, బరువు పడేకొద్దీ పెరిగితే వెంటనే ఇంజను ఆపేయాలి. కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగిపోయిందేమో, ఆయిల్ అడుగంటిందేమో చూడాలి. ఇంకాసేపు నడిపితే రాడ్ విరిగి ఇంజను గోడనే చీల్చుకుని బయటికి రావచ్చు.

ఈ పరీక్షలన్నీ ఆరుబయటే చేయాలి. చలికి జడిసి గ్యారేజీ తలుపు మూసి ఇంజను నడిపితే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, హెచ్చరించదు. గొట్టంలో మంచు ఇరుక్కుంటే ఇంజను ఆపాక కూడా చెయ్యి పెట్టకూడదు. బిగుసుకున్న బ్లేడు విడుదలై ఒక్క తిప్పు తిరిగితే చాలు, వేళ్లు పోతాయి. కర్రతోనే తీయాలి.

ఇదంతా మంచు దేశాల గొడవ అనుకోనక్కర్లేదు. మన పొలాల్లో కలుపు తీసే పవర్ వీడర్లలో, దుకాణాల ముందుండే చిన్న పెట్రోలు జనరేటర్లలో ఉన్నదీ దాదాపు ఇదే జాతి ఇంజను. సీజను అయ్యాక ట్యాంకులో పెట్రోలు వదిలేసే అలవాటూ అదే. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి ట్యాంకు ఖాళీ చేసి దాచడమే మేలు. మంచి మెకానిక్కు శబ్దం వింటూ చెయ్యి థ్రాటిల్ మీదే ఉంచుతాడు. దాన్ని మనం అనుభవం అని గౌరవిస్తాం కానీ, నేర్పదగిన పద్ధతిగా చూడం. ఐటీఐ తరగతిలో ఒక పాత ఇంజను, ఒక గంట సమయం ఉంటే ఇది నేర్పొచ్చు.

ఈసారి రికార్డింగు పంపేవాళ్లు దానికింద రెండు వాక్యాలు కూడా రాయండి. లీవర్ వదిలితే ఏమైంది? వేగం తగ్గిస్తే ఏమైంది? సగం జవాబు మీకే దొరుకుతుంది.