వంగిన తీగ చెప్పే లెక్క

ఓ ఇనుపతీగను చేత్తో వంచండి. సులువుగానే వంగుతుంది. ఇప్పుడా వంపును సాపు చేయబోండి. ఓ పట్టాన తిన్నగా రాదు! పాత వంపు మొండికేస్తుంది, దాని పక్కన కొత్త వంపు పడుతుంది. అటూ ఇటూ ఇంకొన్నిసార్లు వంచితే పుటుక్కున విరుగుతుంది. వంగిన ప్రతిసారీ లోహం కాస్త గట్టిపడటమే ఇందుకు కారణం. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతను తీగముక్క నిమిషంలో చేసి చూపిస్తుందన్నమాట.

కంచరులకు ఈ సంగతి ఏనాడో తెలుసు. ఇత్తడి రేకును కొడుతూ కొడుతూ, అది బిరుసెక్కిందనిపించగానే కొలిమిలో కాల్చి చల్లారుస్తారు. మెత్తబడ్డాక మళ్లీ సుత్తి అందుకుంటారు. ఎప్పుడు ఆపాలో వాళ్ల చేతికే తెలుస్తుంది.

మరి లోపల ఏం జరుగుతోంది? లోహంలో పరమాణువులు వరసలు తీరి ఉంటాయి. అక్కడక్కడా ఓ వరస సగంలోనే ఆగిపోతుంది. ఈ లోపాన్నే 'డిస్‌లొకేషన్' అంటారు. లోహం వంగిందంటే ఈ లోపాలు కదిలాయనే అర్థం. 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎవరికి వారే ఈ మాట చెప్పారు. వంచేకొద్దీ ఇవి పుట్టుకొస్తూనే ఉంటాయి. సంతరోజు ఇరుకు వీధిలో బళ్లలా ఒకదానికొకటి అడ్డుపడతాయి. బాగా సాగగొట్టిన లోహంలో ఘన సెంటీమీటరు ముక్క తీసుకుని, అందులోని డిస్‌లొకేషన్లన్నిటినీ వరసగా పేర్చగలిగితే పొడవు కోటి కిలోమీటర్ల దాకా రావచ్చు. చందమామ మనకున్న దూరం 3.84 లక్షల కిలోమీటర్లే!

ఇంత రద్దీని లెక్కలో పెట్టేదెలా? ఒక్కో బండినీ లెక్కపెట్టనక్కర్లేదు. రేకు ముక్కను యంత్రంలో బిగించి లాగి, ఎంత సాగితే ఎంత గట్టిపడిందో గీత గీస్తారు. 1945లో హాలొమన్ ఆ గీతను ఓ చిన్న సూత్రంలో పెట్టాడు. అందులో 'ఎన్' అనే అంకె కీలకం. మామూలు మెత్తటి ఉక్కుకి అది సుమారు 0.2, కాల్చి మెత్తబరిచిన ఇత్తడికి సుమారు 0.5. ఈ అంకె పెద్దదైతే, రేకు ఒకచోట పలచబడగానే అక్కడ గట్టిపడి భారాన్ని పక్కకు నెడుతుంది. దాంతో అంతా సమంగా సాగుతుంది. చిన్నదైతే ఒక్కచోటే పలచబడి చిరుగుతుంది.

చిరిగితే ఏమవుతుందో మేడ్చల్ చుట్టుపక్కల పారిశ్రామికవాడల్లో ప్రెస్సు షాపు నడిపేవాళ్లనడగండి. మనం నీళ్లు తాగే స్టీలు గ్లాసు మొదట గుండ్రటి రేకుబిళ్ల. దాన్ని అచ్చులోకి నొక్కితే గ్లాసవుతుంది. అడుగు అంచున చిరిగితే రేకు తుక్కు కిందే లెక్క. అచ్చు మార్చాలంటే బోలెడు ఖర్చు. అందుకే ముందు కంప్యూటర్లో నొక్కి చూస్తారు. కంప్యూటర్‌కి మాత్రం లోహం స్వభావం ఎవరో ఒకరు సూత్రంగా చెప్పాలి.

ఇందుకు బాగా వాడుకలో ఉన్నది 1983లో జాన్సన్, కుక్ ఇచ్చిన సూత్రం. ఎంత సాగింది, ఎంత వేగంగా సాగింది, ఎంత వేడిమీద సాగింది అన్న మూడింటినీ అది గుణిస్తుంది. వేడి పెరిగేకొద్దీ లోహం మెత్తబడుతుందని దాని నమ్మకం. లోహం ప్రతిసారీ ఆ మాట వినదు! మామూలు ఉక్కు 200-300 డిగ్రీల సెల్సియస్ మధ్య మెత్తబడకపోగా మరింత బిరుసెక్కుతుంది. ఆ వేడికి చురుకెక్కిన కార్బన్, నైట్రోజన్ పరమాణువులు డిస్‌లొకేషన్లను వెంటాడి పట్టుకోవడమే కారణం. ఇనుము కాలినప్పుడే వంచాలన్నారు పెద్దలు. నిజమే, ఎర్రగా కాలాలి. అరకొర వేడి అసలుకే మోసం.

స్టెయిన్‌లెస్ స్టీలుకీ ఇంతకంటే ఎక్కువ వేడిలో ఈ గుణం ఉంది. దీన్ని పట్టించుకున్నవాళ్లు మన పక్కనే ఉన్నారు. శామీర్‌పేట వైపు జవహర్‌నగర్‌లో 2008లో మొదలైన బిట్స్ పిలానీ ప్రాంగణం, బాచుపల్లిలోని గోకరాజు రంగరాజు ఇంజినీరింగ్ కళాశాల పరిశోధకులు కలిసి ఇదే పనిమీద 2013లో పరిశోధన వ్యాసాలు ప్రచురించారు. 316 రకం స్టీలుని రకరకాల వేడిమీద లాగి, జాన్సన్-కుక్ సూత్రంతో పాటు ఇతర సూత్రాలనీ, కృత్రిమ నాడీవలయాన్నీ పోల్చారు. 304 రకం స్టీలు ఇలా మొండికేసే వేడి హద్దులకు విడిగా సూత్రాలు కట్టారు.

ఇంజినీరింగ్ చదివే పిల్లలు గుర్తుంచుకోవాల్సింది ఇదే. సాఫ్ట్‌వేర్‌లో నాలుగంకెలు వేస్తే రంగురంగుల బొమ్మ ఇట్టే వచ్చేస్తుంది. ఆ అంకెలు ఏ రేకుని, ఎంత వేడిమీద, ఎంత వేగంతో లాగితే వచ్చాయో మాత్రం బొమ్మ చెప్పదు. పరీక్షించిన హద్దు దాటితే సూత్రం చెప్పేది జోస్యమే. గ్లాసు చిరుగుతుందో లేదో తేల్చేది చివరికి రేకే!