చిట్టా ముంబైలో, ప్రమాదం మన వీధిలో

అణుశక్తి అనగానే మనకు రియాక్టర్లు, బాంబులు గుర్తుకొస్తాయి. అవి ఎక్కడో ఉన్నాయి, మనకెందుకులే అనుకుంటాం. కాని రేడియోధార్మిక పదార్థాలు మామూలు ఊళ్ళలోనే రోజూ పనిచేస్తున్నాయి. క్యాన్సర్ ఆసుపత్రుల్లో కోబాల్ట్-60 ఉంటుంది. పైపుల వెల్డింగును తనిఖీ చేసే కెమెరాల్లో ఇరిడియం-192 ఉంటుంది. సిమెంటు, ఉక్కు ఫ్యాక్టరీల్లో వాడే కొన్ని కొలత పరికరాల్లో సీజియం-137 ఉంటుంది. ఇవి వద్దని మేము అనడం లేదు. వీటివల్ల ప్రాణాలు నిలబడుతున్నాయి, పనులు నడుస్తున్నాయి. మేము అడిగేది ఒక్కటే. ఏ వస్తువు ఎక్కడ ఉందో ఎవరికి తెలుసు? తెలిసినవారు తెలియాల్సిన వారికి చెబుతున్నారా?

గ్రూప్స్ పరీక్షలకు రాజ్యాంగం ఏడవ షెడ్యూలు బట్టీ పడుతున్న మిత్రులు ఒక్కసారి ఆలోచించండి. కేంద్ర జాబితాలో 6వ అంశం అణుశక్తి. రాష్ట్ర జాబితాలో 6వ అంశం ప్రజారోగ్యం, ఆసుపత్రులు. పోలీసు శాఖ కూడా రాష్ట్ర జాబితాలోదే. అంటే పదార్థం కేంద్రం లెక్కలోది, దాని బారిన పడిన మనిషి రాష్ట్రం లెక్కలోవాడు. లైసెన్సు ఇచ్చేది ముంబైలో ఉన్న అణుశక్తి నియంత్రణ మండలి. ఒళ్ళు కాలినవాడు పరుగెత్తేది దగ్గరలోని ఏరియా ఆసుపత్రికి. ఈ రెండింటి మధ్య సమాచారం నడవకపోతే ఏమవుతుందో 2010లో ఢిల్లీలోని మాయాపురి చూపించింది.

ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగం 1968లో గామా సెల్ అనే పరికరాన్ని కొన్నది. 1985 నుంచి అది వాడకంలో లేదు. 2010 ఫిబ్రవరిలో పాత సామాను కింద వేలం వేశారు. మాయాపురి తుక్కు మార్కెట్‌కు చేరిన ఆ పరికరాన్ని సీసం కోసం, ఇనుము కోసం కూలీలు విప్పారు. లోపల ఉన్నది కోబాల్ట్-60 అని వాళ్ళకు ఎవరు చెప్పారు? ఒక ముక్కను ఒకాయన జేబులోని పర్సులో పెట్టుకుని తిరిగాడు. కొద్దిరోజులకే చర్మం నల్లబడింది, జుట్టు ఊడింది. ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఆసుపత్రికి అనుమానం వచ్చి నియంత్రణ మండలికి తెలియజేసేదాకా రోగమేమిటో ఎవరికీ తెలియదు. ఏప్రిల్ 26న ఒక కార్మికుడు చనిపోయాడు. మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. అది విశ్వవిద్యాలయం నుంచి వచ్చిందని పోలీసులు ప్రకటించేసరికి ఏప్రిల్ నెలాఖరు అయింది. దాదాపు మూడు వారాలు ఆ వస్తువుకు తల్లీతండ్రీ ఎవరో తెలియలేదు.

సైన్సు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక చిన్న లెక్క చేయండి. కోబాల్ట్-60 అర్ధజీవిత కాలం 5.27 ఏళ్ళు. 1968 నుంచి 2010 వరకు 42 ఏళ్ళు. అంటే దాదాపు ఎనిమిదిసార్లు సగం సగం అవుతూ వచ్చింది. మొదట్లో ఉన్న బలంలో సుమారు 250వ వంతు మిగిలింది. ఆ 250వ వంతే ఒక మనిషి ప్రాణం తీసింది. పదార్థం తన లెక్క తాను తప్పలేదు. లెక్క తప్పింది మనుషులే.

2012లో కాగ్ నివేదిక ఈ లెక్కల బండారాన్ని బయటపెట్టింది. దేశంలోని రేడియేషన్ మూలాలన్నిటికీ సమగ్రమైన జాబితా లేదన్నది. మెడికల్ ఎక్స్‌రే యూనిట్లు 57,443 ఉంటే నమోదైనవి 5,270 మాత్రమేనని, అంటే నూటికి 91 నమోదు కాలేదని చెప్పింది. ఎక్స్‌రే యూనిట్ల పర్యవేక్షణకు ప్రతి రాష్ట్రంలో ఒక రేడియేషన్ భద్రతా డైరెక్టరేట్ ఉండాలని సుప్రీంకోర్టు 2001లో ఆదేశించింది. పదకొండేళ్ళ తర్వాత చూస్తే కేరళ, మిజోరం రాష్ట్రాల్లో మాత్రమే అవి ఏర్పడ్డాయి. కేంద్రం చెప్పామంటుంది, రాష్ట్రం వినలేదంటుంది. మధ్యలో నలిగేది ఎవరు?

ఆ తర్వాత కొంత మార్పు వచ్చింది. 2013లో ఈ-లోరా అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం నియంత్రణ మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది. ఇవి మంచివే. అయితే హోదా ముంబై ఆఫీసుకు పెరిగితే చాలదు, సమాచారం మండలం దాకా దిగాలి.

మరి రాష్ట్రాలకు ఇంత పెద్ద విషయం తెలుస్తుందా అని కొందరు అడుగుతారు. అమెరికా సంగతి చూడండి. అక్కడ 1959లో అణుశక్తి చట్టాన్ని సవరించి, ఒప్పందం చేసుకున్న రాష్ట్రాలకు ఇటువంటి పదార్థాల లైసెన్సు, తనిఖీ అధికారాలు ఇచ్చారు. 1962లో కెంటకీ మొదటి రాష్ట్రమయింది. ఇప్పుడు దాదాపు నలభై రాష్ట్రాలు ఆ ఒప్పందంలో ఉన్నాయి. 2007లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఒక పరీక్ష పెట్టింది. ఉత్తుత్తి కంపెనీల పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేసింది. కేంద్ర సంస్థ మనిషిని చూడకుండా, చోటు చూడకుండా 28 రోజుల్లో లైసెన్సు పంపింది. మేరీలాండ్ రాష్ట్ర అధికారులు మాత్రం మేము వచ్చి మీ ఆఫీసు చూస్తామన్నారు. అంతే, దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. దగ్గరున్నవాడి కన్ను చూసేది దూరంలోని కాగితం చూడలేదు. అలాగని ఆ రాష్ట్రాలు ఒంటరిగా పనిచేయవు. పోయినవి, దొంగతనమైనవి, ప్రమాదాలు అన్నీ కేంద్రానికి తెలియజేస్తాయి. ఒక రాష్ట్రంలో జరిగిన తప్పు ఇంకో రాష్ట్రానికి పాఠమవుతుంది.

జాబితా అందరికీ ఇస్తే దొంగలకు దారి చూపినట్టు కాదా అన్నది ఇంకో వాదన. ఇందులో నిజం ఉంది. అందుకే గోడల మీద అంటించమని మేము అడగడం లేదు. జిల్లా కలెక్టరుకు, పోలీసులకు, అగ్నిమాపక కేంద్రానికి, జిల్లా ఆసుపత్రికి తెలిస్తే చాలు. రహస్యం దొంగ నుంచి కాపాడాలి గాని, మంట ఆర్పడానికి వెళ్ళే ఫైర్‌మన్ నుంచి కాదు. అన్నీ దాచిపెట్టినా మాయాపురిలో ఆ వస్తువు దొంగ చేతికి పోలేదు. రసీదుతో, వేలం పాటతో కూలివాడి చేతికి పోయింది.

ఇక్కడే ఇది మన సమస్య అవుతుంది మిత్రులారా! పాత ఇనుము ఏరేవాళ్ళు, తుక్కు కొట్లో సుత్తి పట్టేవాళ్ళు, ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీలు ఎవరి తల్లిదండ్రులు? మన హాస్టళ్ళలో చదివే పిల్లల తల్లిదండ్రులే. 2008లో ఫ్రాన్స్‌లో లిఫ్టు బటన్లలో కోబాల్ట్-60 బయటపడితే, ఆ ఉక్కు మన దేశం నుంచి వెళ్ళిందని తేలింది. అక్కడ యంత్రం పట్టుకుంది, కార్మికులను పరీక్షించారు. ఇక్కడ ఆ తుక్కును కొలిమిలో వేసిన చేతులను పరీక్షించాల్సిన బాధ్యత ఎవరిది?

మేము కోరేవి గొంతెమ్మ కోర్కెలు కావు. జిల్లాల వారీ జాబితా రాష్ట్రానికి అందాలి, ప్రతి ఏడూ సరిచూడాలి. రాష్ట్ర డైరెక్టరేట్‌కు బోర్డు ఒక్కటే కాదు, ఉద్యోగులూ కొలిచే మీటర్లూ ఉండాలి. ఏ కళాశాలైనా, ఆసుపత్రైనా పాత పరికరాలు వేలం వేసే ముందు రేడియేషన్ లేదన్న ధ్రువపత్రం తప్పనిసరి చేయాలి. పసుపు రంగు మీద మూడు రెక్కల గుర్తు చదువుకోనివారికి అర్థం కావడం లేదనే 2007లో అంతర్జాతీయ సంస్థలు పుర్రె, పరుగెత్తే మనిషి బొమ్మలతో ఎర్రటి కొత్త గుర్తు తెచ్చాయి. ఆ బొమ్మను, దాని కింద తెలుగులో రెండు ముక్కలను ప్రతి తుక్కు కొట్టులో పెట్టించాలి.

మన హాస్టళ్ళ నుంచి రేపు రేడియోగ్రాఫర్లు, కానిస్టేబుళ్ళు, ల్యాబ్ టెక్నీషియన్లు, తహశీల్దార్లు వస్తారు. ఆ కుర్చీలో కూర్చున్ననాడు మీ టేబుల్ మీదికొచ్చిన కాగితాన్ని ఫైల్లో పెట్టి తాడు కట్టకండి. దాన్ని తెలియాల్సినవాడికి తెలిసే భాషలో చెప్పండి. చదువుకోమన్నారు అంబేద్కర్. చదువుకున్నది చెప్పకుండా దాచుకుంటే ఆ చదువు ఎవరికోసం?